శెనక్కాయల కళ్లంలో కారుకు షాకులు మార్చిన సంగతి

ఎప్పుడూ శెనక్కాయ, మల్బరీ, బోరు, కరెంటు అని రాసేవాణ్ణి ఈసారి కారు గురించి రాస్తున్నా. అదీ మామూలు కారు కాదు, మన ఊళ్ల పిల్లోళ్లు స్పోర్ట్స్ కారు అని చెప్పుకునేది. కొంచెం పొడుగే అయింది, ఓపిక చేసుకుని చదవండి. మీ ఇంట్లో బొలెరో ఉన్నా, లగేజీ ఆటో ఉన్నా, ఉత్త మోటారు సైకిలే ఉన్నా పనికొచ్చే మాటలు ఇందులో కొన్ని ఉన్నాయి.

మా చిన్నోడు ఐటీఐ ఫిట్టరు చదివినాడు. 2017లో కియా వాళ్లు ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని పెనుకొండ మండలం యర్రమంచి దగ్గర 536 ఎకరాల్లో ఫ్యాక్టరీ మొదలుపెట్టినప్పుడు వీడింకా బడికి పోతున్నాడు. 2019 ఆగస్టులో సెల్టోస్ బండ్లు బయటికి వచ్చినాయి. ఏడాదికి 3 లక్షల బండ్లు చేసేట్టు కట్టిన ఫ్యాక్టరీ అది. మనం శెనక్కాయ ఇత్తి ఆకాశం తట్టు చూసిన నేలలో ఇప్పుడు కార్లు మొలుస్తున్నాయి. దాని చుట్టూ విడిభాగాల కంపెనీలు చాలా వచ్చినాయి కదా, అట్లాంటి ఒకదాంట్లో వీడికి కాంట్రాక్టు పని దొరికింది. మూడేండ్లు షాకుల దగ్గరే పని. మిషను స్ప్రింగును నొక్కి పట్టుకుంటుంది, వీడు పైన గిన్నె పెట్టాల, మిషనే నట్టు బిగిస్తుంది, పచ్చ లైటు వెలుగుతుంది, ఇంకోటి వస్తుంది. దినానికి వందల కొద్దీ. ఆ తరవాత కాంట్రాక్టు పొడిగించలేదు. ఎందుకని అడిగితే ఎవురూ చెప్పరు. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను, దాంతో నాకు పని లేదు.

ఇంటికొచ్చినోడు నెల దినాలు మల్బరీ ఆకు కోసినాడు, మేత వేసినాడు. ఒక రాత్రి అన్నం తినేటప్పుడు అన్నాడు. "నాయనా, హైవే పక్కన చిన్న షెడ్డు వేసుకుంటా. ఇంజను పని అందరూ చేస్తారు. నేను కింది పని ఒక్కటే చేస్తా, షాకులు, స్ప్రింగులు, స్టీరింగు. బెంగళూరు నుంచి హైదరాబాదు పోయే బండ్లన్నీ మన ముందరే పోతాయి కదా. మూడు లక్షలు కావాల."

మా దగ్గర ఉన్నదే మూడు లక్షలు. అవి బోరు కోసం పెట్టుకున్నవి. ఇప్పుడున్న బోరు ఎండాకాలం వస్తే గంట పోసి అరగంట ఆగుతుంది. నాలుగెకరాల్లో ఎకరన్నర మల్బరీ ఆ నీళ్ల మీదనే నిలబడింది. ఆ ఎకరన్నర మీద హిందూపురం గూళ్ల మార్కెట్టు, ఆ మార్కెట్టు మీద మా ఇల్లు. బోరా, షెడ్డా అని నేనూ మా ఇంటామె పదిహేను దినాలు కొట్లాడుకున్నాం. ఆమె బోరు పక్కన, నేను ఎటూ కాకుండా. చిన్నోడు మధ్యలో ఒక మాట అన్నాడు. "నా దగ్గర దాచుకున్న డబ్బుతో ఒక కారు తెస్తా. దాన్ని ఇంటికాడనే బాగుచేసి అమ్ముతా. అమ్మకపోతే షెడ్డు మాట ఎత్తను." ఎదురింటి మామ నవ్వినాడు గాని నాకు ఆ బేరం నచ్చింది.

అట్లా వచ్చింది ఆ కారు. వోక్స్‌వ్యాగన్ పోలో జీటీ, 2014 మోడలు. బెంగళూరులో ఒకాయన దగ్గర 2,40,000కు. అసలు స్పోర్ట్స్ కారు అంటే రెండు సీట్లతో నేలకు అంటుకుని ఉంటుందంట, ఇది అది కాదు. చూసేదానికి చిన్న కుటుంబం బండి మాదిరే ఉంటుంది. కానీ లోపల 1.2 లీటరు టర్బో పెట్రోలు ఇంజను, 105 హార్స్‌పవరు. మన ట్రాక్టరు 40 చిల్లర. ట్రాక్టరు బలం లాగేదానికి, దీని బలం ఉరికేదానికి, అంతే తేడా. పుణె పక్కన చాకన్‌లో చేసేవాళ్లు, 2022లో ఆపేసినారు. కొత్తవి రావు కాబట్టి బాగున్న పాతవాటికి బెంగళూరు పిల్లోళ్లు మంచి ధర పెడతారని మావాడి లెక్క. ఇది తక్కువకు ఎందుకు వచ్చిందంటే నాలుగు షాకులూ పోయినాయి. ముందర రెండూ నూనె కారుతున్నాయి, గుంతలో పడితే టక్కుమని శబ్దం.

ఇక్కడ షాకు అంటే ఏమి, స్ప్రింగు అంటే ఏమి అని కొంచెం చెప్పాల. మనలో చానామంది రెండూ ఒకటే అనుకుంటారు. ఎద్దుల బండికి రెండూ లేవు, చక్రం ఎక్కితే మనమూ ఎక్కుతాం, చక్రం దిగితే మనమూ దిగుతాం. ట్రాక్టరుకు కూడా వెనక ఇరుసు గట్టిగా బిగించే ఉంటుంది, టైరులో గాలి, సీటు కింద స్ప్రింగు, అంతే. లారీకి కమాను పట్టీలు. కమాను బరువు మోస్తుంది, స్ప్రింగూ అంతే. బరువు మోసేది స్ప్రింగు. అయితే స్ప్రింగుకు ఒక గుణం ఉంది, నొక్కితే తిరిగి లేస్తుంది, లేచినాక ఆగదు. కాకి ఎగిరిపోయినాక వేపకొమ్మ చూడండి, కాకి పోయినా కొమ్మ ఊగుతూనే ఉంటుంది. ఆ ఊగేదాన్ని పట్టుకుని ఆపేది షాకు.

ఎట్లా ఆపుతుందంటే, గొట్టంలో నూనె, నూనెలో పిస్టను, పిస్టనుకు సన్న రంధ్రాలు. చక్రం లేచినా దిగినా ఆ నూనె సన్న రంధ్రంలో నుంచే దూరి పోవాల. అది దూరేదానికి ఇబ్బంది పడుతుంది, ఆ ఇబ్బందే ఊపును తినేస్తుంది. తిన్న ఊపు వేడి అయిపోతుంది. ఎగుడుదిగుడు దారిలో పోయి వచ్చినాక షాకును చేత్తో ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది, అది ఇదే. ఆ రంధ్రాల మీద పల్చని రేకులు ఉంటాయి, మన బావి మోటారు పైపు కింద ఫుట్‌వాల్వు ఉంటుంది కదా, ఒక తట్టు తెరుచుకుని ఇంకో తట్టు మూసుకునేది, అట్లాంటివే. చక్రం పైకి వచ్చేటప్పుడు ఒక లెక్కన, కిందికి పోయేటప్పుడు ఇంకో లెక్కన నూనెను వదులుతాయి. నూనె కారిపోయిన షాకు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. బండి గుంత దాటినాక కూడా ఎగురుతూనే ఉంటుంది, టైరు నేలను వదిలేస్తుంది, అప్పుడు బ్రేకు తొక్కితే ఏమి లాభం. బ్రేకు చక్రాన్ని ఆపుతుంది గాని బండిని ఆపేది నేలను పట్టుకున్న టైరే కదా.

మీ బండికి షాకు పోయిందో లేదో తెలుసుకునేదానికి, ముందర మూలన రెండు చేతులతో గట్టిగా నొక్కి వదలండి. లేచి ఒక్కసారి దిగి నిలబడితే బాగుంది. రెండు మూడు సార్లు ఊగితే పోయింది. నూనె జిడ్డు కనిపిస్తే చెప్పనక్కర్లే. ఊగకపోయినా బాగున్నట్టే అని పూర్తిగా నమ్మడానికి లేదు, టైరు అరుగుదల కూడా చూడాల, మెట్లు మెట్లుగా అరిగి ఉంటే అనుమానించాల.

మావాడికి మొదట ఒక పిచ్చి ఉండె. కారును కిందికి దించాలని. పొట్టి స్ప్రింగులు వేస్తే బండి నేలకు దగ్గరవుతుంది, మలుపులో ఒరగదు, చూపుకు బాగుంటుంది, బెంగళూరులో రేటు వస్తుంది అని. నేను వాదం పెట్టుకోలేదు. టేపు తీసుకుని రమ్మని ఊరి నుంచి హైవే దాకా నడిపించినా. బడి ముందర ఒక స్పీడ్‌బ్రేకరు, చెరువు కట్ట కాడ ఒకటి, కల్వర్టు కాడ తారు లేచిపోయి గట్టు మాదిరి నిలబడిన చోటు ఒకటి. కొలుచుకున్నాడు, ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చి కారు కిందికి దూరి ఇంజను కింద గిన్నెకు, నేలకు మధ్య కొలిచినాడు. "నాయనా, ఎత్తు ముట్టుకోను" అన్నాడు.

చట్టం కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ రాసిచ్చిన వివరాలకు తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. పల్లెల్లో ఆటోలకు, జీపులకు ఇష్టం వచ్చినట్టు బాడీలు కట్టించుకునేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఏదన్నా ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు వాళ్లు అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదీ ఒకటి.

కాబట్టి ఎత్తు అట్లే ఉంచి, స్ప్రింగులు కంపెనీవే ఉంచి, షాకులు మాత్రం మంచివి వేయాలని తేలింది. మన దేశంలో గాబ్రియేల్ వాళ్లు 1961 నుంచి చేస్తున్నారు, మన మోటారు సైకిళ్లకు, కార్లకు ఆ పేరు మీరు చూసే ఉంటారు. వీడు మాత్రం జర్మనీ వాళ్ల బిల్‌స్టీన్ బి6 కావాలన్నాడు. కంపెనీ స్ప్రింగులతోనే పనిచేసే రకం అది, బండి దించేవాళ్లకైతే వేరే నంబరు ఉంది. అందులో నూనె పక్కన గ్యాసు గట్టి ఒత్తిడితో ఉంటుంది, మధ్యలో జరిగే బిళ్ల ఒకటి. గ్యాసు ఎప్పుడూ నూనెను అదిమి పట్టుకుని ఉంటుంది కాబట్టి ఎంత గజగజలాడినా నూనె నురగ కట్టదు. నురగ కడితే రంధ్రంలో నూనె బదులు గాలి దూరుతుంది, అప్పుడు షాకు పట్టు వదిలేస్తుంది. మోటారు గాలి పట్టినప్పుడు నీళ్లు ఎట్లా తెగి తెగి వస్తాయో అట్లా అనుకోండి.

కొత్తవి కొనే స్తోమత లేదు. కారు అమ్ముకున్న ఒకాయన దగ్గర కొద్దిగా వాడినవి నాలుగు 46,000కు దొరికినాయి. కొనే ముందు వీడు ఒక్కొక్కదాన్ని నేల మీద నిలబెట్టి కడ్డీని ఒళ్లంతా వేసి లోపలికి నొక్కి వదిలినాడు. నాలుగూ వాటంతట అవే మెల్లగా, ఒకే తీరున బయటికి వచ్చినాయి. గ్యాసు పోయి ఉంటే అట్లా రాదు. పాతవి కొనేవాళ్లకు ఇది పనికొచ్చే పరీక్ష, అయితే గ్యాసు రకానికి మాత్రమే.

పని ఎక్కడ చేయాల అనేది ఇంకో పంచాయితీ. పట్టుపురుగుల షెడ్డు ఖాళీగా ఉంది, కింద మంచి సిమెంటు నేల. అందులోకి తోలదామంటే మా ఇంటామె తలుపుకు అడ్డం నిలబడింది. "పొగాకు నమిలినోడి చేతి వాసనకే పురుగులు పడిపోతాయి, నూనె, పెట్రోలు వాసన గోడలకు పడితే వచ్చే పంట ఎవురు ఇస్తారు?" ఆమె మాట నూటికి నూరు పాళ్లు నిజం. శెనక్కాయలు ఆరబోసే కళ్లంలోకి తోలినాం. అదీ సిమెంటు చేసిందే, చదును. మట్టి నేల మీద జాకీ పెట్టకండప్పా. బరువు పడేకొద్దీ ఒక పక్కకు దిగుతుంది.

జాకీ ఎత్తేదానికి మాత్రమే, మోసేదానికి కాదు. ఎత్తినాక కింద ఇనుప స్టాండు పెట్టి దాని మీద బరువు దించాల. మన ఊళ్లలో బండరాయో, ఇటుకలో, సిమెంటు దిమ్మో పెట్టి కిందికి దూరేవాళ్లను నేను ఎంతమందినో చూసినా. రాయి వంగదు, ముందర చెప్పదు, ఒక్కసారి పగులుతుంది. మావాడు నాలుగు స్టాండ్లు పెనుకొండలో అద్దెకు తెచ్చినాడు, తీసిన చక్రాన్ని కూడా బండి కింద అడ్డంగా తోసినాడు. అన్నీ పోయినా చక్రం మీదన్నా నిలబడుతుందని. అది చూసినప్పుడు నా లోపల ఒక ముడి కొంచెం వదులైంది.

ముందర చక్రం పని కష్టం. స్ప్రింగూ షాకూ ఒకే కట్టగా నిలువుగా ఉంటాయి. మెక్‌ఫర్సన్ అనే అమెరికా ఇంజనీరు కనిపెట్టిన పద్ధతంట, 1950లో ఫోర్డు కార్లలో వచ్చింది. ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో ఎక్కువ భాగానికి, మన యర్రమంచిలో చేసే సెల్టోస్‌కు కూడా ముందర ఇదే. ఆ కట్టను బండి నుంచి విప్పాలంటే ముందు బ్రేకు గొట్టాన్ని, చక్రం వేగం చూసే సెన్సరు వైరును దాని పట్టీల్లో నుంచి తప్పించాల. బ్రేకు గొట్టం మీద బరువు వేలాడనీయకూడదు. తరవాత కింద దవడ మాదిరి పట్టుకున్న చోట బోల్టు తీసి ఆ దవడను కొంచెం విప్పాల, దానికి ప్రత్యేకంగా ఒక బిట్టు ఉంది. తుప్పు పట్టి ఉన్నింది. ముందు రాత్రే తుప్పు వదిలించే నూనె పోసి పెట్టినాడు కాబట్టి తెల్లారి గంటలో వదిలింది. సుత్తి దెబ్బలు లేవు. ఎదురింటి మామ గడ్డపార తెస్తానన్నాడు, వద్దన్నాడు.

తీసిన బోల్టులు నాకు కొత్తవి మాదిరే కనిపించినాయి. వాటిని పక్కన పారేసి, బెంగళూరు నుంచి తెచ్చిన కొత్త బోల్టులు విప్పినాడు. "మళ్లీ ఇవే వేస్తే ఏమి?" అని అడిగినా. "ఇవి బిగించేటప్పుడే కొంచెం సాగుతాయి నాయనా, ఆ సాగుడులోనే పట్టు ఉంటుంది. ఒకసారి సాగింది రెండోసారి అంత పట్టు ఇయ్యదు." హైబ్రిడ్ విత్తనం మళ్లీ దాచి ఇత్తితే ఏమవుతుందో నాకు తెలుసు కాబట్టి ఇంక అడగలేదు.

ఇప్పుడు అసలు భయం చెప్తా. ఆ కట్టలో స్ప్రింగు ఊరికే కూర్చోలేదు, నొక్కుడులో ఉంది. పైన మధ్య నట్టు ఒక్కటే దాన్ని పట్టుకుని ఉంది. ఆ నట్టును ఉన్నఫళంగా విప్పితే స్ప్రింగు, గిన్నె, నట్టు అన్నీ తూటా మాదిరి ఎగురుతాయి. కారు ముందర ఒక్కో చక్రం మీద 300 కిలోల పైన బరువు ఉంటుంది. 45 కిలోల యూరియా బస్తాలు ఏడు అనుకోండి. ఆ ఏడు బస్తాలను ఎత్తి నిలబెట్టే బలం ఆ చుట్టలో దాగి ఉంది. మావాడికి పని నేర్పిన పాత మెకానిక్కు ఒకాయన పెనుకొండలో ఉన్నాడు, ఎడమ చేతికి బొటనవేలు లేదు. స్ప్రింగు తీసుకుపోయింది. వీడు ఆయన దగ్గర పోయి నేర్చుకున్న మొదటి సంగతి ఆ వేలు ఎట్లా పోయిందనేదేనంట.

దాన్ని అదిమేదానికి రెండు పొడుగు మరల కడ్డీలు, ఒక్కో దానికి కొక్కేలు. స్ప్రింగుకు ఎదురెదురుగా తగిలించి, ఈ పక్క రెండు చుట్లు, ఆ పక్క రెండు చుట్లు, సమానంగా బిగించుకుంటూ పోవాల. ఒక పక్కనే బిగిస్తే స్ప్రింగు అరటికాయ మాదిరి వంగి జారుతుంది. గాలి మిషనుతో బిగించకూడదు, చేతి పానాతోనే. ముఖం ఎప్పుడూ దాని కొనకు ఎదురుగా ఉండకూడదు, ఇంకొకరు కూడా అటు నిలబడకూడదు. నన్నూ మామనూ దూరంగా వేపచెట్టు కాడికి పొమ్మన్నాడు. కొడుకు తండ్రిని అట్లా పొమ్మనడం మామకు నచ్చలేదు, నాకు నచ్చింది.

సగం బిగించినాక ఆపినాడు. వంగి చూసినాడు. ఒక కొక్కెం చుట్ట మీద నిండుగా కూర్చోలేదు, అంచు మీద పట్టుకుని ఉంది. మామ అక్కడి నుంచే, "ఏమీ కాదు లేరా, కానీయ్" అన్నాడు. వీడు ఉలకలేదు, పలకలేదు. రెండు చుట్లు ఇటు, రెండు చుట్లు అటు, బిగించిన బిగింపు అంతా వెనక్కి వదిలినాడు. కొక్కెం తీసి జిడ్డు తుడిచి, మళ్లీ తగిలించి, తాడుతో అదనంగా ఒక కట్టు కట్టి, మొదటి నుంచి మొదలుపెట్టినాడు. నలభై నిమిషాలు పట్టింది. ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఆ నలభై నిమిషాలు నేను వేపచెట్టు కింద కూర్చుని మూడు లక్షల గురించే ఆలోచించినా. మా నాయన కాలం నుంచి కూలోళ్లను, జీతగాళ్లను, గొర్రు పట్టేవాళ్లను చూస్తా ఉన్నా. పని వేగంగా చేసేవాళ్లు దొరుకుతారు. పక్కన పెద్దమనిషి పర్వాలేదు అంటున్నా, తప్పుగా కూర్చుందని తన కంటికి కనిపించింది కాబట్టి మొత్తం విప్పి మళ్లీ చేసేవాడు అరుదు.

ఫ్యాక్టరీలో వీడు వేల సంఖ్యలో బిగించినాడు కదా, మరి ఇంత సేపెందుకు అని సాయంత్రం అడిగినా. నవ్వినాడు. "అక్కడ భయం మిషనుది నాయనా. నాకు పచ్చ లైటు కనిపిస్తే చాలు. ఇక్కడ పచ్చ లైటు లేదు." 

స్ప్రింగు వదులై కదిలేదాకా అదిమినాక మాత్రమే మధ్య నట్టు విప్పినాడు. పాత షాకు తీసి కొత్తది పెట్టి, నురుగు రబ్బరు దిమ్మ, దుమ్ము తొడుగు, పైన బేరింగు అన్నీ కొత్తవి వేసినాడు. వాటికి, బోల్టులకు కలిపి 14,000 అయింది. స్ప్రింగు కొన గిన్నెలో గాడికి ఆనిందా లేదా అని వేలితో తడిమి చూసి, నట్టు బిగించి, కొక్కేలను మళ్లీ అట్లే సమంగా వదిలినాడు. మొదటి రోజు ముందర రెండూ అయినాయి. అంతే, చీకటి పడింది.

వెనక పని దానితో పోలిస్తే సుఖం. దీనికి వెనక స్ప్రింగు వేరుగా, షాకు వేరుగా ఉంటాయి. ఇరుసు కింద జాకీ ఆనించి, కింద బోల్టు, పైన బోల్టులు తీస్తే షాకు చేతికి వస్తుంది. ఒక్క సంగతి మాత్రం రాయాల, ఎందుకంటే మన షెడ్లలో చానామంది ఇది పట్టించుకోరు. రబ్బరు బుష్షు ఉన్న బోల్టును బండి గాలిలో ఉన్నప్పుడు పూర్తిగా బిగించకూడదు. బండి తన కాళ్ల మీద నిలబడినప్పుడు ఉండే ఎత్తుకు తెచ్చి, అప్పుడు బిగించాల. గాలిలో బిగిస్తే చక్రం కిందికి వేలాడే తీరులో రబ్బరు అతుక్కుపోతుంది. బండి దించిన మరుక్షణం నుంచి ఆ రబ్బరు ఎప్పుడూ మెలి తిరిగే ఉంటుంది, తొందరగా చినిగిపోతుంది. మెడ పట్టేసినోడు పొద్దంతా ఒక పక్కకే చూసినట్టు. బిగింపు కూడా ఒంట్లో బలం ఉంది కదా అని కాదు, కంపెనీ పుస్తకంలో ఉన్న లెక్కకు టక్కుమనే టార్కు పానాతో.

రెండో రోజు మూడు గంటలకు బండి కిందికి దిగింది. హిందూపురంలో చక్రాల అలైన్‌మెంటు చేయించినాం, 900. ఈ పని చేసినాక అది తప్పనిసరి, లేకపోతే కొత్త టైర్లు కూడా నాలుగు నెలల్లో ఒక పక్క అరిగిపోతాయి. అక్కడి నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం పోయినాం, మా అత్తగారింటికి. ఆమెకు ఎనభై దాటినాయి, నడుము నొప్పి. చీరెల మగ్గం గుంతలో కూర్చుని కూర్చుని వచ్చిన నొప్పి అది. మావాడికి అవ్వ అంటే ప్రాణం. "నా బండి ఎట్లా ఉందో అవ్వే చెప్పాల" అన్నాడు.

హైవే మీద ఆ కారు నడక ఎట్లా ఉందంటే, నేను కారు గురించి తెలిసినోణ్ణి కాదు గాని, నూటికి దగ్గరగా పోతున్నా చేతిలో గ్లాసు నీళ్లు తొణకలేదు. మలుపులో ఒరుగుడు లేదు. పాత టక్కు శబ్దం పోయింది. అయితే ధర్మవరం వీధుల్లో, మెల్లగా పోయేటప్పుడు, చిన్న చిన్న రాళ్లు కూడా ఒంటికి తెలుస్తున్నాయి. అవ్వను ఎక్కించుకుని స్టేషను దాకా పోయి వచ్చినాం. దిగి నడుము పట్టుకుని నిలబడి, "ఏమి కారు రా అబ్బీ, జట్కా బండి ఎక్కినట్టే ఉండాది" అనింది. మావాడి ముఖం వాడిపోయింది.

ఆమె చెప్పింది సరిగ్గానే చెప్పింది. ఈ రకం షాకులు వేగానికి, బరువుకు, మలుపులకు చేసినవి. మెల్లగా పోయే దారికి గట్టిగానే ఉంటాయి. మెత్తదనమూ, వేగంలో పట్టూ రెండూ ఒక్క ధరలో రావు. మీలో ఎవరన్నా ముసలోళ్లను ఆస్పత్రికి తిప్పే బండికి, లేదా పట్టుగూళ్లు మార్కెట్టుకు వేసుకుపోయే బండికి ఇట్లాంటివి వేయించాలనుకుంటే వద్దు. కంపెనీ ఇచ్చిన మామూలు షాకులు మంచి స్థితిలో వేయించండి చాలు. గూళ్లు ఎట్లా అదిరితే లోపలి పురుగు నలిగి మరక పడుతుందో, మరక గూటికి మార్కెట్టులో ఎంత కోస్తారో మీకు నేను చెప్పనక్కర్లేదు. టమోటా వాళ్లకు కూడా అదే మాట. ట్రాలీకి కమాను పట్టీ ఒకటి విరిగి ఉంటే పట్టించుకోకుండా తోలేవాళ్లు, అడుగు బుట్టల్లో చితికిపోయిన కాయ లెక్క ఒక్క సీజను రాసి చూడండి.

మావాడు అవ్వ మాటను ఫోనులో రాసిపెట్టుకున్నాడు. కారు కొనేదానికి వచ్చిన బెంగళూరు పిల్లోడికి అదే చెప్పినాడు కూడా, "హైవేలో బాగుంటుంది, సిటీలో మెల్లగా పోతే గట్టిగా ఉంటుంది, మా అవ్వకు నచ్చలేదు" అని. అమ్మేవాడు ఇట్లా చెప్తాడా అని మా ఇంటామె నా తట్టు చూసింది. ఆ పిల్లోడు హైవే దాకా తోలుకుని పోయి వచ్చినాడు. బండి ఎత్తమన్నాడు, కింద ప్రతి బోల్టు మీదా తెల్ల పెయింటుతో గీత గీసి ఉంటే ఇదేమని అడిగినాడు. బిగించినాక గీసిన గీత అది, బోల్టు వదులైతే గీత తప్పిపోయి కంటికి కనిపిస్తుంది. అప్పటికి బండి ఐదు వందల కిలోమీటర్లు తిరిగి ఉంది. ముందు రోజు తెల్లవారుజామున మల్బరీకి నీళ్లు పెట్టేదానికి నేను లేచేసరికి, వీడు తలకు లైటు కట్టుకుని కారు కింద పడుకుని ఆ గీతలన్నీ ఒకసారి చూసుకుంటా ఉన్నాడు. నేను చెప్పలేదు, ఎవురూ చెప్పలేదు.

3,65,000కు పోయింది. ఖర్చులన్నీ తీసేస్తే 64,000 మిగిలింది, కాగితాల ఖర్చు కొనేవాడిదే. రెండు నెలల పని కాదు, రెండు దినాల పని. కాకపోతే కారు వెతికేదానికి, సామాన్లు తెచ్చేదానికి నెల పట్టింది, అది కూడా లెక్కలో వేసుకోవాల. ప్రతి కారూ ఇట్లా మిగలదని వాడే అన్నాడు.

మా ఇంటామె ఇప్పటికీ బోరు పక్కనే. ఆమె మాటలోనూ తప్పు లేదు, ఎండాకాలం ఎవరి కోసమూ ఆగదు. మొన్న సోమవారం ముగ్గురం కూర్చుని తేల్చుకున్నది ఇది. సోమందేపల్లి దాటినాక హైవే పక్కన ఒకాయన రేకుల షెడ్డు బాడుగకు ఇస్తానన్నాడు. కట్టేది లేదు కాబట్టి మూడు లక్షలు అవసరం లేదు. వాడి 64,000, నేను ఇచ్చే లక్ష, దాంట్లో స్టాండ్లు, పానాలు, మంచి స్ప్రింగు మిషను ఒకటి. గోడకు బిగించే రకం, కొక్కేలు కాదు. అది కొనకుండా షెడ్డు తెరవనని వాడే షరతు పెట్టినాడు. మిగిలిన రెండు లక్షలు బోరుకు. అడ్వాన్సు 20,000 ఇచ్చి వచ్చినాం. బోరు బండి వాళ్లు ఉగాది దాటినాక వస్తామన్నారు.